మూత వేసిన తొట్టి

నేను పిరికిదాన్ని. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. మా ఊళ్ళో పెట్రోనా ఇల్లెక్కడ అని అడిగితే, దారి చూపించే ముందు ఒక నవ్వు నవ్వుతారు. ఉరుమితే మంచం కిందికి దూరేదాన్ని నేనే. వంతెన దాటేటప్పుడు కళ్ళు మూసుకునేదాన్ని, కుక్క మొరిగితే ఆ సందు వదిలేసి చుట్టూ తిరిగి ఇంటికి చేరేదాన్ని కూడా నేనే. మా ఆయన గస్పార్ నలుగురిలో ఉన్నప్పుడు, "మా ఆవిడ భయాల్ని బస్తాలకెత్తి అమ్మగలిగితే ఈ కాఫీ తోటతో నాకు పనే లేదు" అనేవాడు. అందరూ నవ్వేవారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని. నవ్వితే నాకు పోయేదేముంది?

ఆ తొట్టి దగ్గర మాత్రం నాకు నవ్వు రాలేదు.

మా తోట యాష్ విట్స్ కొండ మీద ఉంది. తోట అంటే పెద్దదేమీ కాదు, మా ఇల్లూ మా మరిది బల్తాసర్ ఇల్లూ కలిసి కోసుకునేంత. వెనకటి రోజుల్లో కోసిన పండ్లకి తొక్క తీసి, గింజలు పులియబెట్టి, కడిగి, ఎండబెట్టి రోడ్డు మీదికి మోసుకెళ్ళేవాళ్ళం. లారీవాడు అందరి కాఫీ ఒకే గుట్టలో పోసుకునేవాడు. ఈ లోయలో పండిందంతా అందులో కలిసిపోయేది. మనది మంచిదైనా ఒకటే, పక్కవాడిది బూజు పట్టినా ఒకటే.

ఆ రోజులు ఎస్తువార్దో రావడంతో పోయాయి. రాజధాని నుంచి వస్తాడతను. సన్నగా ఉంటాడు, కొండెక్కేసరికి రొప్పుతుంటాడు, మర్యాదస్తుడు. మా కాఫీ కాచి చెంచాతో జుర్రుమని పీల్చి, కాసేపు కళ్ళు మూసుకుని, "దీన్ని వేరేదాంతో కలపడం అన్యాయం గస్పార్, ఈ కొండది ఈ కొండదిగానే అమ్ముదాం" అన్నాడు. మరుసటేడు వచ్చినప్పుడు ఒక సంచి తెచ్చాడు. నల్ల సంచి మీద బంగారు రంగులో మా కొండ పేరు, కింద చిన్న అక్షరాల్లో మా ఆయన పేరు. గస్పార్ ఆ ఖాళీ సంచిని గోడ మీద దేవుడి పటం పక్కనే మేకు కొట్టి తగిలించాడు. మా అత్త చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడం ఆవిడ పద్ధతి కాదు, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఈ ఏడు ఎస్తువార్దో కొత్త మాట చెప్పాడు. పండ్లకి తొక్క తియ్యొద్దట. బాగా ముగ్గిన పండ్లు ఏరి, గాలి చొరకుండా మూత వేసి కొన్నాళ్ళు ఉంచాలట. అలా పులిసిన కాఫీకి పండ్ల వాసన వస్తుందనీ, పైదేశాల్లో దానికోసం పడి చస్తున్నారనీ చెప్పాడు. ఫోనులో ఫొటోలు చూపించాడు. నీలం రంగు పీపాలు, ఒక్కోదాని మూతకీ చిన్న గొట్టం. అవి తెచ్చుకోండని చెప్పి, కాఫీ తాగి కొండ దిగిపోయాడు.

"మూత వెయ్యడమేగా. దానికి పీపాలెందుకురా, తాత కట్టిన తొట్టి ఉండగా?" అన్నాడు గస్పార్ తమ్ముడితో.

"పీపాకైనా తొట్టికైనా మూత మూతే అన్నయ్యా" అన్నాడు బల్తాసర్.

ఇందులో తప్పేముందో ఆ రోజు నాకూ తెలియలేదు. మా ఇళ్ళలో తొట్టి అంటే వంటిల్లులాంటిది. వాలు మీద తవ్వి సిమెంటు చేసిన గొయ్యి అది. పై అంచు వాకిలికి సమానంగా ఉంటుంది, కింది గోడ లోయవైపుకి తిరిగి ఉంటుంది. ఆ గోడకి అడుగున మనిషి దూరేంత తూము, తూముకి చెక్క పలక. లోతు మనిషిన్నర ఎత్తు ఉంటుంది. ఎప్పుడూ తెరిచే ఉండే ఆ తొట్టిలోకి పొద్దున్నే నిచ్చెన వేసుకుని దిగి, పులిసిన గింజల్ని కాళ్ళతో తొక్కుతాం. పాదం కింద జిగురు పోయి గులకరాళ్ళలా గరగరమంటే పని అయినట్టు. తూము పలక పైకి లాగి నీళ్ళతో కిందికి కడిగేస్తాం. మా కాఫీ సంగతి మా అరికాళ్ళకే తెలుస్తుంది. నా అంత పిరికిది కూడా చిన్నప్పటి నుంచీ అందులోకి పాడుకుంటూ దిగేది.

ఈసారి ఎర్రటి పండ్లు నడుం లోతున పోసి, పైన నల్ల ప్లాస్టిక్ పట్టా కప్పారు. అంచుల వెంట బంకమట్టి మెత్తి రాళ్ళు పేర్చారు.

మర్నాడు పొద్దున లేచి చూస్తే పట్టా పైకి లేచి ఉంది. నెలలు నిండిన కడుపులా ఉబ్బి, నున్నగా మెరుస్తోంది. గాలి లేదు. ఆకు కదలడం లేదు. అదొక్కటే ఉండి ఉండి వణుకుతోంది. నా చేతిలో మొక్కజొన్న పిండి గిన్నె జారి కింద పడింది.

"ఏమైంది?" అన్నాడు గస్పార్.

"ఊపిరి పీలుస్తోంది అది."

"పులుస్తోందే. పిండి పులిస్తే పొంగదా?"

"పిండి పులిసినప్పుడు నా వైపు చూడదు."

బల్తాసర్ పడీ పడీ నవ్వాడు. పోయి ఆ ఉబ్బు మీద దూడ వీపు తట్టినట్టు తట్టాడు. "వదినా, రా, ముద్దు పెట్టుకో. కరవదులే" అన్నాడు. నేను ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాను. అప్పట్నుంచి నీళ్ళకి వెళ్ళాలన్నా వాకిట్లోంచి వెళ్ళకుండా వెనక కర్రపెండలం మడి గట్టు మీద నుంచి తిరిగి వెళ్ళేదాన్ని.

మా అత్త నోరు విప్పింది ఆ సాయంత్రమే. పొయ్యి దగ్గర అందరం కూర్చుని నల్ల చిక్కుళ్ళూ రొట్టెలూ తింటున్నాం.

"ఒరే గస్పారూ, ఆ సంచి మీద కొండ పేరు రాయించావు కదా. కొండ ఆసామికి చెప్పావా?"

గస్పార్ నమలడం ఆపాడు. మా దగ్గర కొండకి ఒక ఆసామి ఉన్నాడు. చెట్టు కొట్టినా, గుంట తవ్వినా, ఇంటికి స్తంభం పాతినా ముందు ఆయనకి కొవ్వొత్తులు వెలిగించి, సాంబ్రాణి వేసి, అడిగి తీసుకుంటాం. ఆ తొట్టి తవ్విన రోజున మా మామగారి తండ్రి కోడిపుంజుని కూడా ఇచ్చాడట. కానీ పేరు సంచి మీద ఎక్కించి సముద్రాలు దాటించడం మా ఊళ్ళో ఎవరూ చెయ్యలేదు. దానికి అడగాలా అక్కర్లేదా అన్నది ఎవరికీ తెలియదు.

"పేరేగా అమ్మా. మట్టి తీసుకుపోలేదుగా" అన్నాడు.

"నీ పేరు పెట్టుకుని ఊరవతల ఎవడో తిరుగుతుంటే నీకెలా ఉంటుంది? అడక్కుండా తీసుకున్నావు. ఇప్పుడేమో ఆయన పండ్లకి నోరు మూసి గోతిలో పెట్టావు. ఆ బుసలు వినబడటం లేదూ నీకు?"

నిజంగానే వినబడుతోంది. పట్టా అంచున ఒకచోట మట్టి పగిలింది. అక్కడి నుంచి సన్నగా ఒకటే బుస. ఆ రాత్రి నేను చెవుల్లో దూది పెట్టుకున్నాను.

తర్వాతి రోజు కోతకి వచ్చిన ఆడవాళ్ళు ఆ పగులు దగ్గర కందిరీగల్ని చూశారు. తీపి వాసనకి వచ్చినట్టున్నాయి, గుప్పెళ్ళ కొద్దీ చచ్చి పడి ఉన్నాయి. ఒక్కదానికీ రెక్క కూడా విరగలేదు. కోతకత్తెల్లో పెద్దావిడ నడుముకి కట్టుకున్న బుట్ట అప్పటికప్పుడే విప్పేసింది. "మేం రేపొస్తాంలే" అని అందరూ కొండ దిగిపోయారు. ఆ రేపు రాలేదు. చెట్ల మీద పండ్లు మాగి నల్లబడుతున్నాయి. ఊళ్ళో మాట పాకిపోయింది. గస్పార్ మొహం గంటు పెట్టుకుని తిరిగాడు. అతను కొండ ఆసామిని నమ్మనివాడు కాదు, అలాగని అత్తలా హడలిపోయేవాడూ కాదు. చివరికి, "సరే, కొవ్వొత్తులు తీసుకురండి. అడిగేద్దాం, ఒక పని అయిపోతుంది" అన్నాడు.

మధ్యాహ్నం దాటింది. లోయలోంచి మంచు మెల్లగా పైకి ఎక్కుతోంది. వాకిట్లో మేం నలుగురమే ఉన్నాం. అత్త కొవ్వొత్తులూ, మట్టి చట్టిలో నిప్పులూ సాంబ్రాణీ పట్టుకొచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఒక మూల రాళ్ళు తీసి పట్టా పైకెత్తారు. ఉబ్బంతా నిట్టూర్చినట్టు ఒక్కసారిగా దిగిపోయింది. బరువైన తీపి వాసన మొహానికి కొట్టింది. దాని వెనకే ముక్కులో సూదులు గుచ్చినట్టు ఒక మంట. నేను ఇంటి గోడకి ఆనుకుని నిలబడిపోయాను. నన్ను అంతకన్నా దగ్గరికి ఎవరూ పిలవలేదు.

కొవ్వొత్తి పండ్ల మీదే వెలగాలి, అది పద్ధతి. గస్పార్ రేకు డబ్బాలో కొవ్వొత్తి నిలబెట్టి, వెలిగించి, తాడు కట్టి దింపాడు. అంచు దాటి కొంచెం కిందికి వెళ్ళగానే ఆరిపోయింది. గాలి లేదు. ఊదినవాళ్ళు లేరు. పైకి లాగి మళ్ళీ వెలిగించి దింపాడు. మళ్ళీ అక్కడే ఆరింది. ఇంకో కొవ్వొత్తి మార్చాడు. అదీ అంతే. అక్కడ ఎవరో కూర్చుని వేళ్ళతో నలిపేస్తున్నట్టు సరిగ్గా అక్కడికే రాగానే పోతోంది.

బల్తాసర్ ఈసారి హాస్యమాడలేదు.

అత్త చట్టి ఎత్తి అంచు మీద పెట్టింది. సాంబ్రాణి పొగ తెల్లగా లేచి, పైకి పోవలసింది పోయి, అంచు మీదుగా తొట్టిలోకి జారింది. జారి, కొవ్వొత్తి ఆరిన చోటే ఆగిపోయింది. అక్కడ ఎవరో గాజు పలక పరిచినట్టు, పొగ ఆ మూల నుంచి ఈ మూల దాకా దుప్పటిలా చదునుగా పరుచుకుంది. దానికింద ఎర్రటి పండ్లు స్పష్టంగా కనబడుతున్నాయి. పొగ మాత్రం వాటిని తాకడం లేదు. నేనూ గోడ వదిలి నాలుగడుగులు ముందుకొచ్చి చూశాను. 

"తీసుకోవడం లేదురా" అంది అత్త.  "దీపం తీసుకోలేదు, ధూపం తీసుకోలేదు. మనమీద కోపంగా ఉన్నాడు."

గస్పార్ తాడు చుట్టి పక్కన పడేశాడు. "ఎలా తీసుకుంటాడు? తాడు కట్టి పైనుంచి దింపుతున్నాం. ఇంటికొచ్చిన పెద్దమనిషికి అన్నం అలా పెడతామా? నేనే దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో పెట్టి, నోటితో అడుగుతాను. తప్పు నాది, అడగాల్సింది నేను."

అత్త మొహం తేరుకుంది. "అది సరైన మాట" అంది.

"వద్దు" అన్నాను నేను.

"ఎందుకు వద్దు?"

ఎందుకో నాకు తెలిస్తేగా. "నాకు భయమేస్తోంది" అన్నాను.

ముగ్గురూ నావైపు చూశారు. అంతటి వేళలోనూ గస్పార్ పెదాల మీదికి నవ్వు వచ్చింది. బల్తాసరే అన్నాడు, "వదినకి భయం వెయ్యని రోజు ఎప్పుడో చెప్పమను, ఆ రోజు దిగుదాం" అని. ఇన్నేళ్ళుగా అన్నింటికీ భయపడి నా భయానికి విలువ లేకుండా చేసుకున్నాను. వెళ్ళి మా ఆయన చొక్కా పట్టుకున్నాను. గస్పార్ నా వేళ్ళు ఒక్కొక్కటీ మెత్తగా విడదీశాడు. "తొట్టేగా పెట్రోనా. పుట్టిన దగ్గర్నుంచి దిగుతున్నాను" అన్నాడు.

నిచ్చెన వేశాడు. టోపీ తీసి తల్లి చేతికిచ్చాడు. కొవ్వొత్తి పట్టుకుని దిగుతుంటే పొగ దుప్పటి అతని మోకాళ్ళ దగ్గర చీలింది, తర్వాత నడుం దగ్గర. కొవ్వొత్తి ఆరిపోయింది. అయినా దిగాడు. పొగ ఛాతీ దాకా వచ్చింది, గడ్డం దాకా వచ్చింది, చివరికి నీళ్ళలో మునిగినవాడి మీద మూసుకున్నట్టు తల మీద మూసుకుంది. కింద పండ్లలో అతను మోకరిల్లడం ఆ పల్చటి పొగలోంచి కనబడింది.

"కొండ తండ్రీ, మేం అడక్కుండా..." అన్నాడు.

ఆ తర్వాతి మాట రాలేదు. తలెత్తి పైకి చూశాడు. నన్నే చూశాడు. ఏదో చెప్పాలనుకుంటున్నట్టు నోరు తెరిచి మూశాడు, తెరిచి మూశాడు. నిచ్చెన కోసం చెయ్యి చాపాడు. చెయ్యి అందకుండానే, నిద్ర ఆపుకోలేని మనిషిలా ముందుకి ఒరిగి, చెంప పండ్ల మీద ఆనించి పడుకున్నాడు.

 మొక్కుతున్నాడనే అత్త అనుకుంది. నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి.

"అన్నయ్యా" అని పిలిచాడు బల్తాసర్. మళ్ళీ పిలిచాడు. అప్పుడు చేతిలోని పట్టా కొస వదిలేసి నిచ్చెన మీదికి కాలు పెట్టాడు.

నేను వెనక నుంచి అతని నడుం పట్టీ పట్టుకుని లాగాను. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. లేవబోతే కాలు పట్టుకున్నాను.

"వదులు వదినా. అన్న చచ్చిపోతున్నాడు."

"నువ్వూ చస్తావు."

"వదులు."

వదల్లేదు. అతను నా తల మీద కొట్టాడు. నేను అతని పిక్క కొరికాను. నోట్లోకి రక్తం వచ్చింది. అతను కేక వేసి కాలు లాక్కునేలోపల లేచి నిచ్చెన దగ్గరికి పరిగెత్తాను. రెండు చేతులతో పైకి లాగాను. అంత బరువు ఎలా లేచిందో నాకిప్పటికీ తెలియదు. వాకిలి అంచు మీదుగా లోయలోకి తోసేశాను. చెట్ల మీద దొర్లుకుంటూ పోయిన చప్పుడు వినబడింది.

నా మొగుడు లోపల ఉన్నాడు. నిచ్చెన తీసేసింది నేను.

అత్త నావైపు చూసిన చూపు ఏ తల్లీ ఇంకో ఆడమనిషివైపు చూడకూడదు. "నా కొడుకుని పాతిపెట్టేసింది. పాతిపెట్టేసింది ఇది" అని నేల మీద కూలబడి మట్టి ఎత్తి నా మీద పోసింది. బల్తాసర్ నన్ను చంపేసేలా మీదికి వచ్చాడు.

నేను ధైర్యం చేశానని ఎవరైనా అంటే వాళ్ళకి భయం అంటే తెలియదన్నమాట. నా ఒళ్ళంతా భయమే. దీపాన్ని ఆర్పినది ఏదైతేనేం, గస్పార్‌ని తీసుకున్నది కూడా అదే. అది ఇంకా అక్కడే ఉంది. దిగినవాణ్ణల్లా తీసుకుంటుంది. నాకు తెలిసింది అంతే.

"అందులో ఉన్నదేదో ఇంకా పోలేదు బల్తాసరూ" అన్నాను. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "దాన్ని బయటికి పంపాలి. తూము తియ్యి. పో, కిందికి పో, తూము తియ్యి."

అతను ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత గొడ్డలి అందుకుని, కుంటుకుంటూ, పక్క గట్టు మీంచి కిందికి జారాడు. నేను పట్టా మొత్తం పీకేశాను. అత్తకి ఒక చివర ఇచ్చి, "ఊపత్తా, ఊపు, తర్వాత తిడుదువుగాని" అన్నాను. ఆవిడ ఏడుస్తూనే ఊపింది. తొట్టి మీద పొగ దుప్పటి అటూ ఇటూ ఒరిగింది తప్ప కదల్లేదు. కింద గొడ్డలి చప్పుడు. పలక ఉబ్బి బిగుసుకుపోయింది, రావడం లేదు. నేను గస్పార్ వీపునే చూస్తున్నాను. లేస్తోందో లేదో తెలియడం లేదు. లేస్తున్నట్టు అనిపిస్తుంది, మళ్ళీ నా కళ్ళే మోసం చేస్తున్నాయేమో అనిపిస్తుంది. బతికున్నన్నాళ్ళూ నా కలల్లోకి వచ్చేది ఆ వీపే.

పలక చీలిన చప్పుడు వినబడింది. పండ్లు ఒక్క ఉదుటున తూములోంచి దూకాయి. తొట్టిలో పండ్ల మట్టం కుంగింది. దాంతో పాటే పొగ దుప్పటి కూడా కిందికి దిగడం మొదలుపెట్టింది. 

"వస్తోంది, వచ్చేస్తోంది" అని కింద బల్తాసర్ అరిచాడు. అంతలోనే చప్పుడు ఆగింది. వంగి చూస్తే, తూముకి ఎదురుగా మోకాళ్ళ మీద కూలి, తాగినవాడిలా ఊగుతున్నాడు.

"పక్కకి జరుగు. దానికి ఎదురుగా ఉండకు. దొర్లు, పక్కకి దొర్లు."

దొర్లాడు. కొంచెంసేపు దగ్గి, మళ్ళీ లేచాడు. తూముకి పక్కగా నిలబడి చేతులు మాత్రం లోపల పెట్టి పండ్లు బయటికి తోడాడు. ఆ ప్రవాహంలో గస్పార్ కూడా కదిలాడు. తల ముందుగా తూము దిక్కుకి మెల్లగా జారాడు. బల్తాసర్‌కి ముందు జుట్టు దొరికింది, తర్వాత ఒక చెయ్యి. నేను గట్టు ఎలా దిగానో గుర్తు లేదు. ఇద్దరం ఆ చెయ్యి పట్టి లాగాం. భుజం ఇరుక్కుంది. చర్మం లేచిపోయింది. "విరిగితే విరగనీ, లాగు" అన్నాను. లాగాం. నడుం దాకా వచ్చాడు, ఆ తర్వాత మొత్తంగా వచ్చి మా ఒళ్ళో పడ్డాడు.

పెదాలు నేరేడు పండులా ఉన్నాయి. ఊపిరి లేదు. అత్త పై అంచు నుంచి పేరు పెట్టి పిలుస్తోంది. నేను అతని ఛాతీ మీద గుద్దాను. నోట్లో నోరు పెట్టి ఊదాను. మళ్ళీ గుద్దాను. మా పక్క నుంచి ఎర్రటి పండ్లు కొండ వాలు వెంట ఇంకా దొర్లిపోతూనే ఉన్నాయి. ఏడాది కష్టమంతా అలా పోతుంటే ఎవరూ తల తిప్పి చూడలేదు. నాలో ఏడుపు కూడా లేదు. ఊదడం, గుద్దడం, అంతే.

అతను కక్కాడు. దగ్గాడు. మళ్ళీ కక్కాడు. ఇంత అందమైన చప్పుడు నేను ఏ చర్చిలోనూ వినలేదు.

మా కేకలు విని కోతకత్తెల మొగుళ్ళు నలుగురు పరిగెత్తుకొచ్చి, దుప్పట్లో వేసి రోడ్డు దాకా మోశారు. పికప్ బండిలో ఆసుపత్రికి చేర్చాం. మొహానికి గొట్టం పెట్టారు. డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పిలిచి చెప్పింది. పులిసినప్పుడు పుట్టే గాలి బరువైందట, గొయ్యిలో నీళ్ళలా నిలబడుతుందట, రెండు గుక్కలు పీలిస్తే మనిషి పడిపోతాడట. "ఇలాంటి చోట్ల ఒక్కరే పోవడం నేను చూడలేదు. మొదటివాడి కోసం రెండోవాడు దిగుతాడు, రెండోవాడి కోసం మూడోవాడు. ఈయన వెనకాల ఇంకెవరూ దిగలేదా?" అని అడిగింది.

బల్తాసర్ తన పిక్కకి కట్టిన గుడ్డ చూసుకున్నాడు. "దిగనివ్వలేదండి" అన్నాడు.

అత్త ఆ మాటలన్నీ విన్నది. బయటికొచ్చాక, "కొండ సంగతి డాక్టరమ్మకేం తెలుసు? పండ్లన్నీ ఆయనకే పోశాం కాబట్టి వదిలిపెట్టాడు" అంది. నేను కాదనలేదు. ఆవిడ చెప్పింది జరిగిందో, డాక్టరమ్మ చెప్పింది జరిగిందో, రెండూ జరిగాయో నాకెందుకు? కానీ ఇంటికొచ్చాక ఆవిడ నేను చేసిన రొట్టె ముట్టుకోలేదు. తన రొట్టె తనే కాల్చుకుంది. నేను పక్కన కూర్చుంటే లేచి వెళ్ళేది. ఆవిడ కళ్ళకి ఇంకా నిచ్చెన పారేస్తున్న కోడలే కనబడుతోంది. ఆవిడ కొడుకులిద్దరూ బతికి ఎదురుగా తిరుగుతున్నా ఆ బొమ్మ చెరిగిపోలేదు. నాకు కోపం రాలేదని చెప్పను. 

గస్పార్ కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. తలనొప్పి పోలేదు, మాట కొంచెం తడబడేది. ఎస్తువార్దో వచ్చాడు. తొట్టి చూసి మొహం పాలిపోయింది. "పీపాలన్నాను కదా గస్పార్, పీపాలన్నాను కదా" అని గొణుగుతూనే ఉన్నాడు. వచ్చే ఏడు పీపాలు తనే పంపుతానన్నాడు. గస్పార్ సరేనన్నాడు. గోడ మీద సంచిని అత్త తీసేసి ఎక్కడో దాచింది, ఎక్కడని ఎవరూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఏరుతున్నాను. గస్పార్ వచ్చి పక్కన కూర్చున్నాడు. 

"నిచ్చెన నువ్వు తీసేశావంట కదా."

ఎవరు చెప్పారో అడగక్కర్లేదు. "తీశాను" అన్నాను.

"నేను లోపల ఉండగా."

"నువ్వు లోపల ఉన్నావు కాబట్టే."

అతను తల ఊపాడు. అర్థమైంది అన్నట్టే ఊపాడు. బల్తాసర్ బతికున్నాడు, తమ్ముడి పిల్లలకి తండ్రి ఉన్నాడు, అవన్నీ అతనికి తెలుసు. కానీ మొహంలో ఎక్కడో ఒక ముల్లు గుచ్చుకుని ఉంది, అది కనబడుతోంది.

"నువ్వు లోపల పడి నేను పైన ఉంటే, నేను తీసేవాణ్ణి కాదు" అన్నాడు. "దూకేసేవాణ్ణి. ఎవరు పట్టుకున్నా ఆగేవాణ్ణి కాదు."

నా చేతుల్లో చిక్కుళ్ళు ఆగిపోయాయి. అతని మొహం చూశాను. గొప్పకి అనడం లేదు. ఒట్టి నిజం చెప్తున్నాడు. ఆలోచించడు, దూకుతాడు. దీపం ఆరినా, పొగ ఆగినా, అడుగున నేను కనబడితే చాలు, దూకుతాడు, చస్తాడు. ఆపుకోలేక ఏడ్చేశాను. అతని వీపు కదలకుండా ఉన్నప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

నా ఏడుపు చూసి అతను కరిగిపోయాడు. ఆ ముల్లేదో ఊడిపోయినట్టుంది, చెయ్యి వేసి దగ్గరికి తీసుకున్నాడు. "ఏడవకు పిచ్చిదానా. నిజంగా దూకేవాణ్ణి" అని మళ్ళీ చెప్పాడు, నన్ను ఓదార్చడానికి.